పెద్దాయన పుట్టిల్లు

వతులేవు దీవి
మార్చి, మొదటి వారం

బురదలో పుట్టి బురదలోనే పెరిగిన బావ ఎటోనియాకి,

నాన్న పోయిన ఇంటి నుంచి రాస్తున్నాను కదా, మర్యాదగా మొదలుపెడదామనుకున్నాను. చెయ్యి వినలేదు. మీరు తెచ్చిన చాపలూ చేమదుంపలూ అన్నీ సరిపోయాయి. నువ్వు నాకంటే ఎక్కువ ఏడ్చావు, నాకంటే ఎక్కువ తిన్నావు కూడా. మా ఆవిడ మెరెవాలేసి రెండూ గమనించింది. పోయినవాడు నీకు సొంత మేనమామ కదా అని ఊరుకున్నాం.

పెట్టెలో నాన్నని చూసినవాళ్ళంతా ఒకటే మాట. "ఈ వయసులో ముప్పై రెండు పళ్ళూ ఉన్నాయే!" అని. పక్కనే కొడుకుని నేను నిలబడి ఉన్నాను, నోట్లో నాలుగు పళ్ళతో. నోరు మూసుకుని ఏడ్చాను బావా. అదెంత కష్టమో నీకేం తెలుసు! నా పళ్ళు తిన్నది మీ ఊరి రగ్బీ, మీవాళ్ళ మోచేతులు. ఆ లెక్క దేవుడి దగ్గర తేల్చుకుంటాను.

ఇప్పుడు అసలు కబురు. జాలరిపెద్ద పదవి నాకొచ్చింది. తనకి రావాలని చిన్నాన్న అపొరోసాకి ఉండేది. మొహం ఆముదం తాగినట్టు పెట్టుకుని తిరుగుతున్నాడు. నాన్న పేరు మీద సముద్రంలో పడమటి పగడపు దిబ్బలో కర్ర పాతి కొబ్బరాకు కట్టాం. వందో రాత్రి గడిచేదాకా అక్కడ వల పడకూడదు, గాలం పడకూడదు. ఆ మర్నాడు నేను దిబ్బ తెరిచి, పెద్దాయన్ని తెచ్చి విందులో అతిథుల ముందు పెట్టాలి. తాత పోయినప్పుడు నాన్న అలాగే తెచ్చాడు. పెద్దాయన రాలేదంటే సముద్రం ఆ జాలరిపెద్దని ఒప్పుకోలేదని అర్థం.

నీకింకో మాట చెప్పాలి. మొన్న మా ఇంట్లో, ఆడవాళ్ళ ముందు, ఆయన్ని పేరు పెట్టి పిలిచావు. చిన్నాన్న చేతిలో గిన్నె జారిపోయింది. ఆయన మా వంశపు చేప. పట్టి అతిథులకి పెడతాం గానీ మేం తినం, పేరు కూడా ఎత్తం. మావాడెవడైనా తిన్నాడా, పళ్ళు రాలిపోతాయి. కాబట్టి "పెద్దాయన" అని అనడం నేర్చుకో. మీ అమ్మ, మా తారైవిని అత్తయ్య, ఈ వంశపు ఆడపడుచే కదా. ఆవిడ కడుపున పుట్టి ఇది తెలియకపోతే ఎలా?

మా దిబ్బలో చర్చి బెంచీల్లా ఎవరి చోటు వాళ్ళదే. అల విరిగే అంచున తోకకి కత్తులున్న చేపలు. కొమ్మల పగడంలో చిట్టి నీలం చేపలు. ఇసుకలో పడుకునేవి ఇసుకలోనే. బయటి గోడకి, రాతి అరుగు కింద గుహలో, పెద్దాయన. మరి మీ దగ్గరేముంది? మడచెట్లు, దోమలు, బురదలో గెంతే చేపలు, చారలోళ్ళని మీరు పిలిచే చారల చేపలు. అయినా నిజం ఒప్పుకోవాలి, కొబ్బరిపాలు పోసి అత్తయ్య చేసే చారలోడి పులుసుకి సాటి లేదు. నాన్నే పాపం, బురద వాసనంటూ మీ ఊళ్ళో చేప ముట్టేవాడు కాదు. నాకైతే ఆ పులుసుకి పళ్ళు కూడా అక్కర్లేదు.

నీ బావ, జాలరిపెద్ద (ఇక మీదట అలాగే పిలువు)
విలికేసా

ఉత్తరాల పడవ కెప్టెన్ ఇసిమేలి గారికి: చదవడం అయ్యాక కవరు మళ్ళీ అంటించండి. పోయినసారి మీరు తాగుతున్న యంగోనా ఒలికి మరక పడింది.


తిరివా దీవి
మార్చి చివర

జాలరిపెద్ద గారి నాలుగు పళ్ళకీ పేరుపేరునా దండాలు.

పదవి వచ్చినందుకు సంతోషం. చిన్న మామయ్య మొహం చూడ్డానికైనా మళ్ళీ రావాలనిపిస్తోంది. మోచేతుల సంగతంటావా, బంతి వదిలేసి మా మోచేతుల మీదికి మొహం పెట్టుకుని వచ్చేవాడివి నువ్వు. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం?

నువ్వొక్కడివే పదవిలో ఉన్నావనుకోకు. నేను మైదానం కమిటీ ప్రెసిడెంటుని. మా మైదానం నీకు తెలుసుగా. పదేళ్ళ కింద ఇటు గోలు దగ్గర మడచెట్లు కొట్టాం. తర్వాత మధ్యగీత దాకా కొట్టాం. రెండేళ్ళ కింద రాతిగోడ కట్టి ఇంకొంచెం పూడ్చాం. అయినా నిడివి చాలలేదు. అటు గోల్ పోస్టు దాటితే వాగే. పోటు మీద గట్టిగా తన్నామా, బంతి మీ దీవికి బయల్దేరుతుంది. పోయిన నెల పోయింది మీవాళ్ళకి దొరికిందని తెలుసు, మర్యాదగా పంపు. ఇప్పుడు వాగు ఒడ్డున మిగిలిన ఆఖరి మడ కూడా కొట్టేస్తే పూర్తి కొలత మైదానం వస్తుంది. జిల్లా ఫైనల్ మా ఊళ్ళో ఆడిస్తామని మాటిచ్చారు. కత్తులు నూరుతున్నాం.

అమ్మ బాగానే ఉంది. బాగానే అంటే, చేపతో మాట్లాడుతోంది. గోడ కట్టినప్పుడు లోపల ఒక మడుగు మిగిలింది. అందులో ఓ చారలోడు చిక్కుకుపోయాడు. పులుసు పెడదామంటే అమ్మ అడ్డం పడింది. కొబ్బరిచిప్ప రాయికేసి టకటకా కొడుతుంది, వాడొచ్చి నోరు తెరుస్తాడు, పీతల తుక్కు పడేస్తుంది. మామయ్య పోయినప్పటి నుంచి వాణ్ణి "అన్నయ్యా" అని పిలుస్తోంది. చిన్నప్పటి గొడవలన్నీ వాడితోనే తేల్చుకుంటోంది. "నా దువ్వెన విరిచింది నువ్వే కదూ?" అంది నిన్న. వాడు నోరు తెరిచాడు. "ఒప్పుకున్నాడు" అంది నాతో.

ఎటోనియా, ప్రెసిడెంటు


వతులేవు
ఏప్రిల్, రెండో వారం

బావా,

ఈసారి తిట్లు లేవు. ఓపిక లేదు.

కొబ్బరాకు వల వేయొద్దంటుంది గానీ చూడొద్దనదు కదా అని పడమటి దిబ్బలో దిగాను. చిలకమూతి చేపలు పగడం కొరుకుతుంటే చెవుల్లో కరకర వినిపించింది. కత్తితోక చేపలు గుంపులుగా ఉన్నాయి. చిట్టి నీలాలు ఉన్నాయి. పాములాంటి మలుగు కూడా దాని బొరియలోనే ఉంది. అందరూ ఉన్నారు. గుహలోకి తల పెట్టాను. ఆయన లేడు.

మర్నాడు మళ్ళీ దిగాను. లేడు. తూర్పు గోడ చూశాను, ఉత్తరం సందు చూశాను. ఎక్కడా లేడు. నిజం చెప్పాలంటే ఈమధ్య కొన్నేళ్ళుగా నాన్న కూడా ఆయన్ని చూశానని అనలేదు. మేమెవరమూ అడగలేదు. అడిగితే కళ్ళ ముందు నిజం వచ్చి నిలబడుతుందని భయం కాబోలు.

చిన్నాన్న ఏదో వాసన పట్టాడు. నిన్న పదిమందిలో, "అబ్బాయ్, ముందుజాగ్రత్తగా డబ్బా చేపలు తెప్పించి పెట్టుకో" అన్నాడు. అందరూ నవ్వారు. జాలరి వంశంలో పుట్టి, నాన్న విందులో డబ్బా మూత తీసి అతిథుల ముందు పెట్టడమా? అంతకంటే నన్ను కూడా నాన్న పెట్టెలోనే పెట్టేయండి. పాస్టరుగారిని ప్రార్థన చేయమన్నాను. ఆయన అన్ని చేపల కోసమూ కలిపి చేశాడు. పేరు చెప్పకూడదు కదా, అలా కాదని ఎలా చెప్పను?

మే నెల దాటకుండా వందో రాత్రి వచ్చేస్తుంది. ఇది ఎవరితోనూ అనకు. కెప్టెన్ గారూ, మీరు కూడా.

విలికేసా


తిరివా
ఏప్రిల్ చివర

బావా,

దిగులు పడకు. పెద్దవాళ్ళు ఎప్పుడు రావాలో అప్పుడే వస్తారు.

ఊరికే అడుగుతున్నాను, పెద్దాయన తోక ఎలా ఉంటుంది? పళ్ళు ఎలా ఉంటాయి? నాకేం ప్రత్యేకమైన కారణం లేదు. పొద్దుపోక అడుగుతున్నాను.

సోమవారం నుంచి మడ కొట్టడం మొదలు. అందరూ హుషారుగా ఉన్నారు. నేనూ హుషారుగానే ఉన్నాను.

ఎటోనియా

జాలరిపెద్ద గారికి: నేను పరాయివాళ్ళ ఉత్తరాలు చదివే మనిషిని కాను. ఇంజను వేడికి కవరు దానంతటదే విచ్చుకుంది. మధ్యలో రెండు వరుసలు కొట్టేసి ఉంటే, పాపం ఏం తప్పు రాశాడో దిద్దుదామని ఎండకి పట్టి చూశాను. "అమ్మ చారలోడికి చారలు పోయాయి బావా, ఒళ్ళంతా ఎర్రబడుతోంది, నాకు భయంగా ఉంది" అని ఉంది. ఇందులో నాకేమీ సంబంధం లేదు. — ఇసిమేలి


వతులేవు
మే, మొదటి వారం

ఒరేయ్ బావా,

ఏమిట్రా ఆ కొట్టివేతలు? ఎర్రబడటం ఏమిటి?

విను. పెద్దాయన ఎరుపు ఇటుక ఎరుపు. పొలుసు అంచులు ముదురుగా ఉంటాయి. పైదవడకి ముందు రెండు కోరలు, కుక్కకి ఉన్నట్టు. తోక చివర కత్తెరతో కత్తిరించినట్టు తిన్నగా ఉంటుంది. ఆయన పిల్లని మా వంశంలో ఎవరూ చూడలేదు. "ఆయన పుట్టడు, వస్తాడు" అంటాం మేము. ఎక్కడినుంచి వస్తాడని ఎవడూ అడగలేదు. దేవుణ్ణి మీ సొంతూరేదని అడుగుతామా?

ఉన్నది ఉన్నట్టు రాయి. కొట్టేయకు. కొట్టేసినా లాభం లేదు, కెప్టెన్ దగ్గర ఎండ ఉంది.

విలికేసా


తిరివా
మే, రెండో వారం

బావా,

అవును. నువ్వు అనుకుంటున్నదే.

నీ ఉత్తరం పట్టుకుని మడుగు దగ్గరికి వెళ్ళాను. అమ్మ చిప్ప కొట్టింది. వచ్చాడు. ఎరుపు, నువ్వన్న ఎరుపే. కోరలు అవే. తోక అదే. పొట్ట పక్కన మాత్రం ఎండ పడ్డప్పుడు వెలిసిపోయిన చారలు రెండు కనిపిస్తాయి. అమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ నోట్లో వేలు పెట్టుకుని చిగుళ్ళు తడుముకుంది.

అప్పుడు నాకు వెలిగింది. అమ్మది మీ వంశం. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ చారలోడి పులుసు తింటోంది, నోట్లో ఒక్క పన్ను లేదు. నువ్వు చిన్నప్పుడు సెలవులన్నీ మా ఇంట్లోనే గడిపావు, నీకు నాలుగు. మామయ్య ముట్టలేదు, ఆయనకి ముప్పై రెండు. నాది నాన్న వంశం, నాకు పట్టింపు లేదు. అద్దంలో చూసుకున్నాను, నిండుగా ఉన్నాయి. ఇన్నేళ్ళూ మా కుర్రాళ్ళ మోచేతుల్ని ఆడిపోసుకున్నావు. ముందు వాళ్ళకి క్షమాపణ చెప్పు.

ఇంకోటి కూడా విను. మీ పెద్దాయన పుట్టిల్లు మా బురద. మడ వేళ్ళ సందుల్లో దాక్కుని, చారల చొక్కా వేసుకుని, మా దోమల మధ్య పెరిగి, ఒడ్డూ పొడుగూ వచ్చాక మీ దిబ్బకి పోతున్నాడు. చొక్కా మార్చుకుని వెళ్ళేసరికి మీరు గుర్తుపట్టక గారూ అంటున్నారు. మా ఊరి నుంచి మీకు ఇల్లరికం వచ్చిన కుర్రాడు బావా వాడు! వాడి పేరెత్తానని నన్ను తిట్టావు.

నవ్వడం ఇక్కడితో సరి. చిన్నప్పుడు నువ్వొస్తే పులుసులో ముక్కలు తేలేవి. ఇప్పుడు ఉత్త పులుసే. గోలు వైపు చెట్లు కొట్టాక చారలోళ్ళు తగ్గారు. మధ్యగీత దాకా కొట్టాక ఇంకా తగ్గారు. వానలు సరిగ్గా లేవన్నాం, పాస్టరుగారు మారారన్నాం. పుట్టిల్లే లేకపోతే మీ గుహకి ఎవడొస్తాడు? ఆ గుహని ఖాళీ చేసింది మా మైదానమే. నాకు పోయిన ఉత్తరం రాసేటప్పుడే తట్టింది. రాస్తే మైదానం పోతుందని కొట్టేశాను. రాయకపోతే నీ పరువు పోతుందని ఆ తర్వాత నిద్ర పట్టలేదు. అందుకే సోమవారం కత్తులు తీయనివ్వలేదు, నడుం పట్టేసిందని అబద్ధమాడాను.

నిన్న యంగోనా గిన్నె చుట్టూ కూర్చున్నప్పుడు కమిటీకి చెప్పేశాను. నవ్వారు. "చేపల కోసం జిల్లా ఫైనల్ వదులుకోవాలా? చేపలొచ్చి ఆడతాయా మన తరఫున?" అన్నాడు సైరూసి, మా గోల్ కిక్కరు. ప్రెసిడెంటుని మార్చేద్దాం అన్నాడు ఇంకొకడు. అమ్మ కిటికీలోంచి అంతా వింది. చాప చంకన పెట్టుకుని వెళ్ళి మధ్యగీత మీద పరుచుకుని కూర్చుంది. వాళ్ళు ఆవిడ చుట్టూ ఆడుతున్నారు. బంతి రెండుసార్లు ఒళ్ళో పడింది, తిరిగి ఇవ్వలేదు. ఊళ్ళో ఉన్నవే రెండు బంతులు.

ఎటోనియా, ఇంకా ప్రెసిడెంటే


వతులేవు
మే, మూడో వారం

ఎటోనియాకి (బావా అని అనను),

నేను పెద్దాయన్ని తిన్నాను. చిన్నప్పటి నుంచీ తిన్నాను. ఇంకో గరిటె వేయమని అడిగి తిన్నాను. తలకాయ నాకే కావాలని నీతో కలబడ్డాను. అబ్బా, ఆ కళ్ళు ఎలా జుర్రేవాణ్ణో! మెరెవాలేసి నీ ఉత్తరం విని చాప మీద దొర్లి దొర్లి నవ్వింది. తనది వేరే వంశం, నవ్వుతుంది.

చిన్నాన్నకి తెలిసిందా, నా పని అయిపోయినట్టే. తినేసినవాడు పిలిస్తే పెద్దాయన ఎందుకొస్తాడు? నోట్లో వేలు పెడితే కొరకలేని నేను ఆయనకి ఇంత ద్రోహం చేశానంటే నమ్మశక్యం కావడం లేదు.

మైదానం సంగతి నేను అడగను. మీ ఊరి చెట్లు, మీ ఊరి కత్తులు. డబ్బా చేపలు తెప్పించి మంచం కింద పెట్టాను. కాలు తగిలి ఆ డబ్బాలు చప్పుడు చేసినప్పుడల్లా నాన్న దగ్గినట్టుంటుంది.

అత్తయ్యని ఒక్క మాట అడుగు. పులుసు ముందు పెట్టుకుని ప్రార్థన చేసేవాళ్ళం కదా, అది లెక్కలోకి వస్తుందా?

విలికేసా


తిరివా
మే, నాలుగో వారం

బావా (నేనంటాను),

ప్రార్థన లెక్కలోకి రాదట. నీ చూపెప్పుడూ గిన్నె మీదే ఉండేదట.

ఇక్కడ యుద్ధం ముగిసింది. అమ్మని ఎత్తి పక్కన పెట్టగల బలం మా జట్టులో ఎవడికీ లేదు. మర్నాడు సైరూసి పెళ్ళాం కూడా చాప తెచ్చుకుని పక్కన కూర్చుంది. "లేవే, పరువు తీస్తున్నావ్!" అన్నాడు వాడు. "రోజూ నువ్వు పీకే పీత కాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? నీ గోల్ పోస్టుకి కాస్తున్నాయా? ఆ మడ కొట్టిన రోజు నుంచి బంతినే ఉడకబెట్టి పెడతా, తిను" అంది. సాయంత్రానికి మధ్యగీత నిండా ఆడవాళ్ళే.

చెట్లు కొట్టడం లేదు. గోడ కూడా తీసేస్తున్నాం. జిల్లా ఫైనల్ పోయింది. చెబితే నవ్వుతావు గానీ ఆ రోజు ఇంటికొచ్చి కాసేపు ఏడ్చాను. ఆ మైదానం కోసం పదేళ్ళు రాళ్ళు మోశాను బావా. గోడలో మొదటి రాయి నేనే పెట్టాను కాబట్టి నేనే పీకుతానని గునపం పట్టుకున్నాను. రెండేళ్ళు బుద్ధిగా పడున్న రాయి పీకగానే నా కాలి మీద పడింది. కుడి పాదం పలకల మధ్య కట్టుగట్టి ఉంది. విందుకి రాలేను.

అమ్మ వస్తుంది, చారలోడితో. నీళ్ళ పీపాలో తెస్తుంది. చేపకి సగం టికెట్ అంటున్నాడు కెప్టెన్. వాడు ఒక్కడే బావా, విందుకి చాలడు. అమ్మ కొయ్యనివ్వదు కూడా. నువ్వూ ఆవిడా ఏం తేల్చుకుంటారో తేల్చుకోండి. అమ్మ పెట్టెలో ఇంకోటి కూడా ఉంది. అదేమిటో రాయను, కెప్టెన్ చదువుతాడు.

ఎటోనియా


వతులేవు
జూన్, మొదటి వారం

బావా (పోనీలే, అంటాను),

కాలెలా ఉంది? నువ్వు లేక విందులో తిండి మిగిలిపోయింది.

పీపాని కర్రకి కట్టి నలుగురు మోసుకొచ్చి చాపల మధ్య దింపారు. వెనక అత్తయ్య, చేతిలో కొబ్బరిచిప్ప. చిన్నాన్న లేచి లోపలికి తొంగిచూశాడు. గొంతు తగ్గిపోయింది. "పెద్దాయనే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "పడమటి దిబ్బలో పట్టావా?" అన్నాడు.

ఔనంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది. అత్తయ్య అందుకుంది.

"మా ఇంటి వెనక దొరికాడు. నిన్నమొన్నటి దాకా చారలుండేవి."

"చారలా? అంటే... మీ ఊళ్ళో ఆ చారలోడా?"

"వాడే."

"నువ్వు... కొబ్బరిపాలు పోసి..."

"అదే పులుసు, తమ్ముడూ. నువ్వు మా ఊరి పిల్ల కోసం తిరిగిన రోజుల్లో వారానికి మూడుసార్లు తిన్నావు."

చిన్నాన్న నోట్లో చెయ్యి పెట్టి, బావా, మొత్తం పళ్ళ సెట్టు తీసి చాప మీద పెట్టాడు! సువా పట్నంలో కట్టించుకున్నాడట. పిన్నికి కూడా ఇన్నాళ్ళూ తెలియదట. "ఓరి నా మొగుడో!" అని ఆవిడ కెవ్వుమంది. అంతటితో అయిందా? మా వంశంలో ఒక్కొక్కడూ నోరు తెరిచి పక్కవాడికి చూపించడం మొదలుపెట్టాడు. అత్తయ్య చేతి పులుసు తాగనివాడు మా నాన్న ఒక్కడే. మీ ఊరి అతిథులు కడుపులు పట్టుకుని చాపల మీద పడ్డారు.

అప్పుడు అత్తయ్య పెట్టె తెరిచింది. తిమింగలం పన్ను! ముత్తాతల నాటిదేమో, తేనె రంగు తిరిగి ఉంది. మోకాళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి, రెండు చేతులతో చిన్నాన్న ముందు పట్టుకుంది. "మీ పళ్ళు పోయింది నా చేతి వంట వల్ల. క్షమాపణగా ఇదిగో పన్ను. ఉన్నది ఒక్కటే, కానీ పెద్దది."

చిన్నాన్న పన్ను అందుకుని, క్షమించినట్టు చప్పట్లు కొట్టాడు, పద్ధతి ప్రకారం. బోసినోటితో మాట్లాడాడు. "పెద్దాయన వచ్చాడా లేదా అన్నదే మనకి కావాలి. వచ్చాడు. పడవెక్కి వచ్చాడు. ఎటు నుంచి రావాలో ఆయనిష్టం. జాలరిపెద్దా, దిబ్బ తెరువు" అన్నాడు. నన్ను బావా! జాలరిపెద్దా అన్నాడు!

కొయ్యడమన్న మాట ఎవరూ ఎత్తలేదు. పీపా పడవలో పెట్టుకుని, కొబ్బరాకు విప్పేసి, గుహ దగ్గరికి వెళ్ళాం. అత్తయ్య చిప్పతో పీపా మీద ఒక్కసారి కొట్టింది. వాడు, అంటే ఆయన, పైకి వచ్చాడు. "అన్నయ్యా, దువ్వెన సంగతి వదిలేశాను. నువ్వూ మనసులో పెట్టుకోకు. మీ ఇంటికి నువ్వు వెళ్ళు" అంది. పీపా వంచాం. నేను ఏడ్చాను బావా, ఈసారి నోరు తెరిచి.

అతిథులు డబ్బా చేపలు తిన్నారు. మెరెవాలేసి కొబ్బరిపాలు పోసి వండింది, రెండోసారి అడిగి వేయించుకున్నారు. మావాళ్ళు మాత్రం డబ్బా మీద కాగితం చదివి, బొమ్మలో తోక చూసి, అనుమానం తీరాకే ముట్టారు.

మీ మోచేతులకి నా క్షమాపణలు. బంతి పంపుతున్నాను.

విలికేసా


తిరివా
జూన్ చివర

జాలరిపెద్ద బావకి,

కట్టు విప్పారు. కుంటుతున్నాను. బంతి అందింది.

పున్నమి పోటుకి నీళ్ళు గోడ సందులోంచి గోల్ పోస్టు దాకా వచ్చాయి. పోస్టు మొదట్లో బొటనవేలంత చారలోళ్ళు తిరుగుతున్నారు. సైరూసి నన్ను పిలిచి మరీ చూపించాడు, తనే కన్నట్టు. ఇకమీదట ఆట పాటు మీదే, నీళ్ళు వెనక్కి తీసినప్పుడే. అవతలి జట్టు తన్నిన బంతి వాగులో పడితే వాళ్ళే దిగి తెచ్చుకోవాలి, మా దోమలకీ తిండి కావాలి కదా.

అమ్మ పీతలు ఒలిచి తుక్కు చేతిలో పట్టుకుని ఇంకా అటే నడుస్తుంది. మడుగు లేదని సగం దారిలో గుర్తొస్తుంది. "వాడు గుహ కనుక్కున్నాడో లేదో" అంటుంది, మళ్ళీ "నాకెందుకులే" అంటుంది. నిన్న కొబ్బరిచిప్ప గుడ్డలో చుట్టి ఈ ఉత్తరంతో పంపమంది. ఎందుకని అడిగితే తిట్టింది.

ఎటోనియా


వతులేవు
జూలై, మొదటి వారం

తారైవిని అత్తయ్యకి,

(బావా, చదివి వినిపించు. కెప్టెన్ గారి తర్వాత.)

చిప్ప అందింది. నిన్న పొద్దున సముద్రం అద్దంలా ఉంది. పడమటి దిబ్బలో దిగి, రాతి అరుగు మీద నువ్వు కొట్టినట్టే టకటకా కొట్టాను. చిట్టి నీలాలు చెదిరిపోయాయి. మలుగు తల లోపలికి తీసుకుంది. ఎవరూ రాలేదు. ఊపిరి పీల్చుకుని మళ్ళీ దిగి కొట్టాను.

ఎర్రగా, మెల్లగా బయటికి వచ్చాడు అత్తయ్యా. ఒళ్ళు చేశాడు. నా మొహం చూడలేదు, నా చేతులు చూశాడు. పీతల తుక్కు తీసుకెళ్ళాలని నాకు తట్టనే లేదు. అయినా వచ్చి, ఎదురుగా నిలబడి, నోరు తెరిచాడు.

పళ్ళన్నీ ఉన్నాయి.

నీ మేనల్లుడు
విలికేసా